హాలు కట్టే చోటు

సోమందేపల్లిలో బస్సు దిగి, హైవే దాటి, బడి గేటు చేరేసరికి ఎవరో మైదానంలో సున్నం పోస్తూ కనబడ్డారు ఫిర్దోస్‌కు. మామూలుగా ఆ పని ఆమెదే. ఖోఖో కోర్టు గీతలు మాసినప్పుడల్లా డబ్బాకు చిల్లులు పొడిచి, సున్నం నింపి, వంగి నడుస్తూ ఆమే గీస్తుంది. ఇవాళ పోస్తున్న గీత కోర్టు గీత కాదు. రెండు గుంజల నడుమ నుంచి కోర్టును అడ్డంగా కోసుకుంటూ పోతోంది.

పెనుకొండ నుంచి వచ్చిన ఇంజనీరు టేపు ఒక కొస పట్టుకుని నిలబడ్డాడు. రెండో కొస హెడ్మాస్టర్ మారుతి సార్ చేతిలో ఉంది. ఆయన ప్యాంటు అంచులకు సున్నం అంటింది. అంత సంతోషంగా ఆయన్ను ఫిర్దోస్ ఎప్పుడూ చూడలేదు.

"రాండి మేడం, మంచి టయానికి వచ్చినారు. హాలు శాంక్షన్ అయింది," అన్నాడు.

ఆ హాలు కోసం ఆయన ఎన్నిసార్లు ఆఫీసుల చుట్టూ తిరిగాడో స్టాఫ్‌రూములో అందరికీ తెలుసు. చదువొక్కటే కాదు, ఆటా పాటా బొమ్మలూ చేతిపనులూ అన్నీ పిల్లలకు అందాలని ప్రభుత్వం కొత్త పథకం పెట్టింది. ఎంపికైన బడికి ఒక హాలు, అందులోకి సామాను. మండలం మొత్తానికి ఈ ఒక్క బడే ఎంపికైంది.

"ఒక పక్క టేబుల్ టెన్నిస్, ఒక పక్క హార్మోనియం, తబలా. గోడలకు డ్రాయింగ్ బోర్డులు," మారుతి సార్ ఖాళీ నేల మీద చేత్తో చూపిస్తూ చెప్పాడు. "ఇంగ మన పిల్లోళ్లు టౌను పిల్లోళ్లకు యాడా తీసిపోరు."

ఫిర్దోస్ గీత వైపే చూస్తోంది. "సార్, ఇది కోర్టు గదా."

"తెలుసమ్మా. యాడ కట్టేది మరి? ముందరేమో ప్రార్థన. ఆ పక్క వంటషెడ్డు, నీళ్ల ట్యాంకు. ఉన్న ఖాళీ ఇదే."

"ఆటలకోసమే గదమ్మా హాలు. లోపల ఆడుకోవచ్చు," అన్నాడు ఇంజనీరు.

"ఖోఖో దాంట్లో పట్టదు సార్."

ఇంజనీరు టేపు చుట్టుకోవడం మొదలుపెట్టాడు. ఫిర్దోస్ ఈ బడికి పార్ట్ టైం ఆటల టీచరు. ఏటా ఏప్రిల్లో కాంట్రాక్టు అయిపోతుంది, మళ్లీ జూన్‌లో రాసిస్తారు. పెద్దవాళ్ల మధ్య మాట్లాడే అలవాటు ఆమెకు లేదు. కానీ హిందూపురంలో వచ్చే నెల పోటీలు ఉన్నాయి. ఈ ఏడు తన ఆడపిల్లల జట్టు గెలుస్తుందని ఆమెకు గట్టి నమ్మకం. ఆమె చుట్టూ చూసింది. మైదానం వెనక మూల, పడిపోయిన ప్రహరీ పక్కన, కంపలు నాటిన గొర్రెల దొడ్డి కనిపించింది.

"ఆ మూల కూడా బడి జాగానే గదా సార్. ఆడ కట్టొచ్చు," అంది.

మారుతి సార్ ఆమె వైపు చూసి, చప్పున తల తిప్పుకున్నాడు. ఇంజనీరు ప్లాను విప్పి, దాన్ని ఎండలోకి తిప్పి చూశాడు. "అవును, బడిదే. ఆక్రమణ ఉందని నాకు చెప్పలేదేం సార్?"

"చాన్నాళ్లుగా ఉండాది లెండి. ఊరోళ్లతో గొడవెందుకని…" మారుతి సార్ మాట నమిలాడు.

"ఖాళీ చేయిస్తే ఆడనే కడదాం, నాకేమీ అభ్యంతరం లేదు. కానీ ఈ వారంలోనే కావల్ల. మార్చి దాటితే వచ్చిన దుడ్లు వచ్చినట్టే వెనక్కి పోతాయి. అప్పుడు హాలు రాలేదని నన్ను అనొద్దండి."

ఆయన జీపు వెళ్లిపోయాక మారుతి సార్ చేతులు దులుపుకున్నాడు. "ఆ దొడ్డి దాసప్పతో మీరే మాట్లాడండి మేడం," అని ఆఫీసు గదిలోకి వెళ్లిపోయాడు.

సాయంత్రం ఆఖరి పీరియడ్‌లో ఫిర్దోస్ పిల్లల్ని వరుసగా కూర్చోబెట్టింది. ఒకరు ఇటు, ఒకరు అటు ముఖం పెట్టి గొంతుక్కూర్చున్నారు. సున్నం గీత మీద కూర్చున్న సౌమ్య, "ఇదేంది మేడం ఈ గీత?" అని అడిగితే, "ఏం లేదు, దాన్ని చూడొద్దు," అంది.

ఉలిగమ్మ పరుగుకు దిగింది. తొమ్మిదో తరగతి పిల్ల. బక్కపలుచగా, మోకాళ్ల మీద ఎప్పుడూ మట్టి చారలతో ఉంటుంది. తరుముతున్న పిల్ల వీపు వెనకే ఉన్నా ఆమె కంగారు పడదు. కూర్చున్నవాళ్ల మధ్య నుంచి గొర్రెపిల్ల కంచె సందులో దూరినట్టు ఒంటిని సన్నం చేసుకుని జారిపోతుంది. గుంజ దగ్గర ఒక్క చేత్తో పట్టుకుని తిరిగినప్పుడు ఆమె కాళ్లు నేలకు తగిలినట్టే ఉండదు. క్లాసులో మాత్రం ఏ టీచరు పిలిచినా తలవంచుకునే పిల్ల. ఆట మొదలైతే, "సౌమ్యా, లెయ్యి. లేటు చేస్తాండావు," అని గట్టిగా కేకేస్తుంది.

ఆట అయ్యాక ఉలిగమ్మ ముఖం కడుక్కుని, సంచీ భుజాన వేసుకుని, గేటు వైపు కాకుండా వెనక మూలకు నడిచింది. ఆ దొడ్డి ఆమె తాత దాసప్పది. గోడ అవతలే వాళ్లిల్లు. ఫిర్దోస్ కొంచెం ఆగి ఆమె వెనకే వెళ్లింది.

మంద ఇంకా మేత నుంచి రాలేదు. దొడ్డిలో బోర్లించిన పెద్ద గంపల కింద గొర్రెపిల్లలు అరుస్తున్నాయి. ఉలిగమ్మ ఒక గంప ఎత్తి, పిల్లను ఒడిలోకి తీసుకుని కడుపు తడిమి చూసింది. ఆమె అవ్వ యల్లక్క గోడ రాళ్ల మీద కాళ్లు చాపుకుని కూర్చుని ఉంది. మోకాళ్లు రెండూ వాచి ఉన్నాయి.

"రామ్మా, కూసో. పాప ఏమన్నా తప్పు చేసిందా?" అంది యల్లక్క.

"లేదవ్వా. తాతతో మాట్లాడల్ల."

దుమ్ము ముందు వచ్చింది, తర్వాత మంద, ఆ తర్వాత దాసప్ప, ఆయన కుక్క. గొర్రెల్ని లోపలికి తోలి, అడ్డం కంప లాగి, అప్పుడు ఫిర్దోస్‌ను చూసి తలగుడ్డ విప్పాడు. ఆమె విషయమంతా చెప్పింది. హాలు గురించి, కోర్టు గురించి, వారం గడువు గురించి.

దాసప్ప వింటూ కర్ర మీద గడ్డం ఆనించాడు. "ఈ జాగా చూపిచ్చింది ఎవురు? ఆ ఇంజనీరా?"

ఫిర్దోస్‌కు అబద్ధం చెప్పొచ్చనిపించింది. "నేనే చూపించినా తాతా. పాప కోసమే. కోర్టు పోతే దాని ఆట పోతుంది."

"పాప కోసమా," అన్నాడు ఆయన. ఉలిగమ్మ గొర్రెపిల్లను తల్లి కిందికి వదులుతూ ఇటు చూడలేదు. "జాగా మాది కాదు, ఆ సంగతి మాకూ తెలుసు. గోడ పడినంక పెట్టుకుంటిమి. ఇంటి పక్కనే గాబట్టి రాత్రుళ్లు ఈడ మంచమేసుకుంటే కావిలీ అయితాది, నిద్రా అయితాది. కొడుకు బెంగుళూరులో ఉండాడు. ఉన్నోళ్లం మేము ముగ్గురమే." తలగుడ్డ దులిపి భుజాన వేసుకున్నాడు. "తీసేస్తాం లేమ్మా. బడి మాట కాదంటే బాగుండదు."

ఇంత తేలికగా ఒప్పుకుంటాడని ఫిర్దోస్ అనుకోలేదు. హిందూపురం బస్సులో కిటికీ పక్క కూర్చున్నాక, ఒక మంచి పని అయిందనే అనుకుంది. ఇంటికెళ్లి భర్త షాబాజ్‌కు చెప్పింది కూడా. సెల్‌ఫోన్ల రిపేరు కొట్టు మూసి అప్పుడే వచ్చిన షాబాజ్ అంతా విని, "ఆయన గొర్రెలు యాడ పెట్టుకుంటాడంట?" అని అడిగాడు. ఆమె ఆ మాట అడగలేదు.

సోమవారానికి మూల ఖాళీ అయింది. కంపలు లేవు, గంపలు లేవు. మట్టిలో తొక్కుడు పడి నల్లబారిన పెంట మాత్రం మిగిలింది. ధర్మవరం నుంచి కాంట్రాక్టరు కుళ్లాయప్ప జేసీబీ తెచ్చి పునాది తవ్వించడం మొదలుపెట్టాడు. ఇనుప కడ్డీలు, సిమెంటు మూటలు దిగాయి. పిల్లలు ఇంటర్వెల్లులో జేసీబీ చుట్టూ మూగారు. మారుతి సార్ వాళ్లను దూరంగా తోలుతూనే, తనూ అక్కడే నిలబడ్డాడు.

ఆఖరి పీరియడ్‌లో వరుసలో ఒక చోటు ఖాళీగా ఉంది.

"ఉలిగమ్మ యాడమ్మా?"

"రాలేదు మేడం," అంది సౌమ్య.

మరుసటి రోజూ రాలేదు. ఆ మరుసటి రోజు సౌమ్య నసుగుతూ చెప్పింది. "మంద కాడ ఉంటాండాది మేడం. గుట్ట కింద చేన్లో. ఇంగ ఇప్పుడే రాదంట."

ఆ సాయంత్రం ఫిర్దోస్ తన బస్సు వదిలేసి గుట్ట వైపు నడిచింది. వేరుశనగ పీకేసిన చేలు బోడిగా ఉన్నాయి. ఎండ ఇంకా తగ్గలేదు. చాలా దూరం నడిచాక ఒక చేను మధ్యలో వల కట్టిన దొడ్డి, దాని పక్క గంపలు, ఒక పాత చీర కట్టిన నీడ కనిపించాయి. ఉలిగమ్మ నీడలో కూర్చుని వేపమండ నుంచి ఆకులు దూసి గొర్రెపిల్లకు పెడుతోంది. మేడంను చూసి లేచి నిలబడి, క్లాసులో లాగే తలవంచుకుంది.

"బడికి రాకుండా ఇదేం పని?"

"పొద్దున తాత మందను మేపుకు తోలుకుపోతాడు మేడం. పిల్లలు అంత దూరం నడవలేవు. ఈడ ఒంటరిగా వదిలితే ఊరకుక్కలు పడతాయి. మొన్న ఒకదాన్ని పట్టుకుపోయినాయి."

"అవ్వ?"

"అవ్వ ఇంత దూరం నడవలేదు మేడం. ఇంటికాడ ఉన్నప్పుడు ఆయమ్మే చూసుకుంటాండె."

దొడ్డి ఇంటి పక్కన ఆ మూలనే ఉండటానికీ, ఈ పిల్ల బడికి రావడానికీ మధ్య ఉన్న ముడి ఫిర్దోస్‌కు ఇప్పుడు కనిపించింది. యల్లక్క రాళ్ల మీద కాళ్లు చాపుకుని కూర్చున్నది ఊరికే కాదు.

"ఎన్నాళ్లు ఇట్ల?"

"ఈ చేను ఆయప్ప, గొర్రెల పెంట ఎరువు అయితాదని ఉండమన్నాడు. ఆపైన ఇంకో చేను." ఉలిగమ్మ కాలి బొటనవేలితో మట్టి గీస్తూ అడిగింది. "కోర్టు బాగుండాదా మేడం? సౌమ్యావాళ్లు ఆడతాండారా?"

"ఆడతాండారు," అంది ఫిర్దోస్.

"నా చోట ఎవురు?"

"ఇంకా ఎవురినీ పెట్టలేదు."

"ఎవురినైనా పెట్టండి మేడం. పోటీలు ఉండాయి గదా," అంది ఉలిగమ్మ. ఏడుపు లేదు, నిష్ఠూరం లేదు. గంప కింద అరుస్తున్న పిల్ల దగ్గరికి పోయింది.

మరునాడు పొద్దున్నే ఫిర్దోస్ హెడ్మాస్టర్ గదిలోకి వెళ్లింది. ఆయన సంతకాలు పెట్టడం ఆపలేదు. ఆమె చెప్పడం అయ్యాక కళ్లజోడు తీసి పక్కన పెట్టాడు.

"ఆ పొద్దు నేను నోరు మూసుకున్న్యది ఇందుకే మేడం," అన్నాడు. "ఆ పిల్ల ఆరో తరగతికే నిలిచిపోవల్సింది. నేనే వాళ్లింటికి పోయి మాట్లాడితే, మందను ఎవురు చూస్తారని అడిగినాడు దాసప్ప. గోడ పడింది గదా, మూలన పెట్టుకో, పిల్లను మాత్రం పంపించు అంటి. ఆ మాట ఇంజనీరు ముందర యట్ల చెప్పేది?"

"నాకు తెలీదు సార్."

"మీ తప్పు ఏముండాదిలే. కోర్టు పోగొట్టేదానికి ఒప్పుకున్న్యది నేనే గదా. ఏదో ఒకటి పోతాది అనుకుంటి." ఆయన కిటికీ లోంచి తవ్వుతున్న పునాది వైపు చూశాడు. "ఇప్పుడు మళ్లీ స్థలం మార్చమంటే ఇంజనీరు వినడు."

అప్పుడే కుళ్లాయప్ప గుమ్మంలో నిలబడ్డాడు. మనిషి చిరాకుగా ఉన్నాడు. "సార్, రాత్రి మళ్లీ కడ్డీలు పోయినాయి. కావిలికి పెట్టినోడు ధర్మవరం పోయి రానే లేదు. ఈ ఊర్లో ఎవురన్నా నమ్మకమైన మనిషి ఉంటే చెప్పండి. జీతం ఇస్తా. లేకుంటే నేను పని నిలిపేస్తా."

మారుతి సార్ ఎవరి పేరో చెప్పబోయాడు. ఫిర్దోస్ ఆయన కంటే ముందు మాట్లాడింది.

"ఒక మనిషి ఉండాడు. కానీ ఆయన ఒక్కడే రాడు. ఆయనతో మంద వస్తాది."

"మందా?"

"గొర్రెలు. రాత్రిపూట మంద కాడ ఆయన ఎట్లాగూ కావిలి ఉంటాడు. కుక్క కూడా ఉండాది."

కుళ్లాయప్ప వెనక్కి తిరిగి ఇనుప కుప్ప వైపు చూశాడు. "నాకు కడ్డీలు పోకుంటే చాలు. గొర్రెలు సిమెంటు తినవు గదా."

మారుతి సార్ లేచి బయటకు వచ్చాడు. ముగ్గురూ పునాది వెనక్కి నడిచారు. తవ్విన గోతికీ పడిన గోడకూ మధ్య సన్నటి పట్టె ఒకటి మిగిలింది. మారుతి సార్ దాన్ని ఆ చివర నుంచి ఈ చివరకు నడిచి చూశాడు. ఇరుకే. కానీ గొర్రెలు ఒకదానికొకటి ఆనుకుని పడుకుంటాయి.

"ఇంజనీరు వచ్చి చూస్తే?" అంది ఫిర్దోస్.

"నేను చెప్పుకుంటా," అన్నాడు మారుతి సార్. "కానీ దాసప్ప దగ్గరికి నేను పోను. మీరే పోవల్ల."

ఆమె చెప్పింది దాసప్ప గుట్ట కింద మంద మధ్య నిలబడి విన్నాడు. మంద చెదిరిపోతుంటే నాలుకతో చప్పుడు చేసి దగ్గరికి చేర్చాడు.

"ఒకసారి తీయమంటివి. ఇప్పుడు కట్టమంటాండావు."

"అవును తాతా."

"హాలు అయిపోయినంక?"

"అది నాకు తెలీదు. గోడ పక్క ఉండనిస్తారేమో, ఉండనీరేమో. ఉండనిస్తారని నేను చెప్పలేను."

దాసప్ప ఆమెను పైనుంచి కిందికి చూశాడు. చెప్పులకు అంటిన మట్టి చూశాడు. "తెలీదని చెప్పినావు, అది బాగుండాది," అన్నాడు. "యల్లక్కను అడిగి చెప్తా."

రెండు రోజుల్లో పట్టెలో వల కట్టారు. యల్లక్క మళ్లీ గోడ రాళ్ల మీదికి వచ్చింది. ఉలిగమ్మ ఆఖరి పీరియడ్‌కు వచ్చి, ఏమీ జరగనట్టు తన చోట గొంతుక్కూర్చుంది. మొదటి రోజు ఆమె పరుగు తడబడింది. సౌమ్య ఆమెను తేలిగ్గా అంటుకుంది. అంటుకున్నాక సౌమ్యే నొచ్చుకున్నట్టు, "మళ్లీ ఆడదాం," అంది. రెండో రోజు నుంచి ఎవరికీ దొరకలేదు.

హాలు గోడలు మోకాలి ఎత్తు లేచాయి. ఒక మధ్యాహ్నం మారుతి సార్ ఫిర్దోస్‌ను పిలిపించి, గదిలో వేరే టీచర్లు ఉన్నారని, ఆ గోడల దగ్గరికి తీసుకెళ్లాడు. అక్కడ ఇటుకలు తడుపుతున్న కూలీలు కొంచెం దూరంగా జరిగారు.

"పథకం సంగతి పూర్తిగా తెలిసింది మేడం," అన్నాడు. "హాలుకూ సామానుకూ మాత్రమే దుడ్లు. మనుషులకు లేవు. వచ్చే ఏడు నుంచి పార్ట్ టైం టీచర్లను తీసుకోవద్దని చెప్పినారు. ఉన్న టీచర్లకే ట్రైనింగు ఇస్తారంట."

"ఆటలు ఎవురు చూస్తారు సార్?"

"సోషల్ సార్ పేరు ఇమ్మన్నారు." ఆయన తడి ఇటుక మీద వేలు పెట్టి తీశాడు. "నేను రెండుసార్లు మాట్లాడినా. హాలు ఇచ్చినాం గదా, ఇంగేం కావల్ల అన్నారు."

సోషల్ సార్‌కు నడుంనొప్పి. కుర్చీలోంచి లేవడానికే బల్ల పట్టుకుంటాడు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

"పోటీల దాకా ఉంటా గదా?" అంది ఫిర్దోస్.

"ఏప్రిల్ దాకా ఉంటారు మేడం."

ఆ సాయంత్రం ఆమె ఎప్పటిలాగే ఆట ఆడించింది. ఎవరికీ చెప్పలేదు. గుంజ దగ్గర తిరిగేటప్పుడు లోపలి కాలు ఎక్కడ పెట్టాలో చిన్నపిల్ల పుల్లమ్మకు అర్థం కాకపోతే, ఆమె పాదం చేత్తో పట్టుకుని పెట్టి చూపించింది. మళ్లీ చేయించింది. మళ్లీ చేయించింది. పిల్లలంతా వెళ్లిపోయాక కూడా పుల్లమ్మను ఆపి ఇంకోసారి చేయించింది. ఆ పిల్ల అలసిపోయి, "రేపు చేస్తా మేడం," అంటే వదిలింది.

హాలు గోడల పక్కన దాసప్ప మంచం వాల్చుకుంటున్నాడు. కాంట్రాక్టరు ఇచ్చిన టార్చిలైటు మంచం కోడుకు వేలాడుతోంది. పక్కన కుక్క పడుకుంది.

"ఏమ్మా, నిన్ను తీసేస్తాండారంట గదా," అన్నాడు.

"ఎవురు చెప్పినారు?"

"కూలోళ్లు విన్న్యారు. వాళ్లు యల్లక్కకు చెప్పినారు." ఆయన మంచం పట్టీ చేత్తో నొక్కి చూశాడు. "నన్ను జరిపి హాలు కట్టిస్తివి. అది నిన్నే జరిపె."

ఆ మాటలో ఎగతాళి ఉందేమోనని ఫిర్దోస్ ఆయన ముఖం చూసింది. లేదు. పడిన గోడ అవతల నుంచి యల్లక్క ఉలిగమ్మను అన్నానికి పిలుస్తోంది.

"జీతం యాడన్నా దొరుకుతాది లే తాతా," అంది. "ఈ పిల్లోళ్లు ఇప్పుడిప్పుడే పట్టుకుంటాండారు. అదే."

దాసప్ప మొలతాడుకు కట్టుకున్న తాళంచెవి బయటికి తీసి చూపించాడు. కొత్తది, ఇంకా మెరుస్తోంది. "గేటు బీగం ఇప్పుడు నా చేతిలో ఉండాది. ఆదివారం బడి ఉండదు. అడిగేవోళ్లూ ఉండరు. నువ్వు రా. నేను తీస్తా."

హిందూపురం నుంచి రావాలి. ఆదివారమే షాబాజ్ కొట్టులో రద్దీ ఎక్కువ. ఇంట్లో చిన్న కూతురు ఉంది. దాన్ని ఎవరి దగ్గరన్నా వదలాలో, వెంట తీసుకురావాలో ఆమెకు తెలియదు. జీతం లేని పనికి ఎన్ని ఆదివారాలు రాగలదో అసలే తెలియదు. హైవే మీద బస్సు హారన్ వినబడింది. అది తన బస్సే.

"ఏప్రిల్ అయినంక మొదటి ఆదివారం వస్తా," అంది. "ఆపైన సంగతి నాకు తెలీదు తాతా."

"తెలీదులే," అన్నాడు దాసప్ప. "ఎండ పడకముందే రా. పిల్లోళ్లను నేను లేపి పెడతా."